వయోలాకి గౌను తొడిగిందెవరు?

సినిమా తీసేవాళ్ళకి కళ్ళ మీద ఉన్న నమ్మకం చెవుల మీద ఉండదు. పాత నాటకం ఒకటి చేతికి చిక్కితే చాలు, ముందు అందులో మాటలకి కత్తెర వేస్తారు. ఖాళీ అయిన చోట సముద్రాలూ, గుర్రాలూ, మేడలూ పెడతారు. పెట్టుకోనివ్వండి. వాళ్ళ డబ్బు, వాళ్ళ సరదా. కాని ఆడపిల్ల మగవేషం వేసుకునే నాటకం దొరికినప్పుడు వాళ్ళు చేసే పని ఒకటుంది. దాన్ని చూసి మాత్రం నేను ఊరుకోలేను. మీరూ ఊరుకోకూడదని నా మనవి.

షేక్‌స్పియర్ రాసిన ‘ట్వెల్ఫ్త్ నైట్’ సంగతి చెబుతున్నాను. కాలేజీలో చదివినవాళ్ళకి తెలిసిన కథే. మిగతావాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

వయోలా, సెబాస్టియన్ కవలలు. ఒక్క గంటలోనే పుట్టారంటాడు తప్ప ఎవరు ముందో ఎవరు వెనకో ఆయన చెప్పలేదు. కనుక అక్కా తమ్ముడా, అన్నా చెల్లెలా అని నన్నడక్కండి. ఇద్దరూ ఎక్కిన ఓడ తుఫానులో మునిగిపోతుంది. వయోలా ఇల్లీరియా అనే పరాయి దేశంలో ఒడ్డున పడుతుంది. తోబుట్టువు పోయాడనుకుంటుంది. తండ్రి ఎప్పుడో పోయాడు. తోడుగా ఉన్నది ఓడ కెప్టెన్ ఒక్కడే. ఊరుకాని ఊళ్ళో ఒంటరి ఆడపిల్ల ఏం చేస్తుంది? మనమైతే లేడీస్ హాస్టల్ ఎక్కడుందని వెతుక్కుంటాం. ఆ పిల్లా అదే చేయబోయింది. ఆ ఊళ్ళో ఒలీవియా అనే జమీందారిణి ఉంది, ఆవిడ దగ్గర కొలువుకి చేరతానంది. తానెవరో లోకానికి ఎప్పుడు చెప్పాలో తనకి తోచేదాకా అక్కడ తలదాచుకుందామని ఆమె ఆలోచన. కాని ఒలీవియా అన్న పోయిన దుఃఖంలో ఏడేళ్ళపాటు ఎవరికీ మొహం చూపించనని ఒట్టు పెట్టుకుని కూర్చుంది. ఆ తలుపు మూసి ఉంది కనుక వయోలా మగబట్టలు వేసుకుని, సిజారియో అని పేరు పెట్టుకుని, ఆర్సినో అనే డ్యూక్ దగ్గర చేరింది.

ఆర్సినో ఒలీవియాని ప్రేమిస్తున్నాడు. సిజారియోని రాయబారం పంపుతాడు. ఒలీవియా రాయబారాన్ని కాదని రాయబారిని ప్రేమిస్తుంది. రాయబారేమో పంపినవాణ్ణి ప్రేమిస్తుంది. ఈ ముడి మీద ముడిని విప్పడానికి చివర్లో సెబాస్టియన్ ప్రాణాలతో దిగుతాడు. అతన్నే సిజారియో అనుకుని ఒలీవియా పెళ్ళాడేస్తుంది. వయోలా ఆడపిల్లని తెలిశాక ఆర్సినో ఆమె చెయ్యి అందుకుంటాడు. కథ కంచికి.

ఇప్పుడు నా తగాదా వినండి.

ఈ నాటకంలో వేషం వేసుకోవడానికి పట్టే సేపెంత? రెండో రంగంలో కెప్టెన్‌తో మగబట్టలు తెచ్చిపెట్టమంటుంది. నాలుగో రంగంలో మగబట్టల్లో నడిచి వస్తుంది. అంతే. జుట్టు ఎలా కత్తిరించింది, గొంతు ఎలా మార్చింది, నడక ఎక్కడ నేర్చింది అన్న గొడవే లేదు. ఎందుకు లేదు? ఆయనకి కావలసింది వేషం కాదు. వేషం వేసుకున్నాక ఆ పిల్లకి దొరికే మాట.

ఆమె కొలువులో చేరి మూడు రోజులే అవుతుంది. ఆ మూడు రోజుల్లోనే డ్యూక్ తన మనసులోని రహస్యాలన్నీ ఆమె ముందు పుస్తకంలా తెరిచి పెట్టేస్తాడు. ఒకనాడు కూర్చోబెట్టుకుని, ఆడదాని గుండె చిన్నది, మగవాడి ప్రేమంత ప్రేమ అందులో పట్టదు అని ఉపన్యాసమిస్తాడు. మనమంతా ఏదో ఒకనాడు ఏదో ఒక పెద్దమనిషి నోట విన్న ఉపన్యాసమే. సిజారియో ఊరుకోదు. ఆడవాళ్ళ ప్రేమ ఎంతటిదో నాకు బాగా తెలుసునంటుంది. తన తండ్రికి ఒక కూతురుందనీ, ఒక మగవాణ్ణి ప్రేమించి, పైకి చెప్పుకోలేక లోలోపలే నలిగిపోయిందనీ కథలా చెబుతుంది. మగవాళ్ళం మాటల్లో చూపినంత చేతల్లో చూపించం అని కూడా అనేస్తుంది. ఆర్సినో కోప్పడడు. తరవాత ఏమైందని అడుగుతాడు!

అదేనండీ, ఆ అడగడమే నాకు ముఖ్యం. ఇదే మాట గౌను వేసుకుని అంటే ఆయన వినేవాడా? ‘ఆడవాళ్ళ మాటలు’ అని నవ్వేసి లేచి పోయేవాడు. ఒలీవియా సంగతీ అంతే. ఏడేళ్ళ ఒట్టు పెట్టుకున్న మనిషి ఒక్క పూటలో కరిగింది సిజారియో చొక్కా చూసి కాదు. ప్రేమిస్తే నేనైతే ఇలా ప్రేమిస్తానని, గుమ్మం ముందు గుడిసె వేసుకుని పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంటానని ఆ పిల్ల చెప్పిన మాటకి. ఆడదాని మనసుకి ఏ మాట కావాలో ఆడదానికి తెలుసు కనుక చెప్పగలిగింది.

సరే, సినిమాలవాళ్ళు ఏం చేశారో చూద్దాం.

1910లో అమెరికాలో వైటాగ్రాఫ్ కంపెనీవాళ్ళు దీన్ని పన్నెండు నిమిషాల మూగసినిమాగా తీశారు. ఫ్లోరెన్స్ టర్నర్ వయోలా. మాటకోసమే పుట్టిన నాటకాన్ని మాట లేకుండా తీశారంటే నవ్వొస్తుంది. వాళ్ళనేం అనలేం, అప్పటికి సినిమాకి నోరు లేదు.

1955లో సోవియట్ యూనియన్‌లో యాన్ ఫ్రీద్ అనే దర్శకుడు రంగుల్లో తీశాడు. క్లారా లుచ్కో అనే నటి వయోలా వేషమూ, సెబాస్టియన్ వేషమూ రెండూ తనే వేసింది. ద్విపాత్రాభినయం మనకి కొత్తా? ‘రాముడు-భీముడు’ చూసినవాళ్ళం, ‘గంగ-మంగ’ చూసినవాళ్ళం. కవలలు అచ్చం ఒకేలా ఉండాలంటే అది సులువైన దారే. నాటకంలో మాత్రం కవలలుగా ఇద్దరు వేరు వేరు మనుషులు నిలబడతారు. పోలిక అంతంతమాత్రమైనా చూసేవాళ్ళు ఒకటే అనుకుంటారు. అనుకోవడంలోనే ఉంది ఆ సరదా అంతా.

1996లో ఇంగ్లండులో ట్రెవర్ నన్ తీసిన సినిమా వచ్చింది. నాటకరంగంలో తలపండిన మనిషి. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీని ఏళ్ళ తరబడి నడిపినవాడు. ఇమొజెన్ స్టబ్స్ వయోలా, హెలెనా బోనమ్ కార్టర్ ఒలీవియా, టోబీ స్టీఫెన్స్ ఆర్సినో. కార్న్‌వాల్ సముద్రతీరంలో తీశారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కాని నాటకంలో కంటికి కనిపించని ఆ వేషం వేసుకునే తతంగమంతా ఇక్కడ పూసగుచ్చినట్టు చూపిస్తారు. జుట్టు కత్తిరించడం, గుండెకి గుడ్డ బిగించి చుట్టడం, మీసం అంటించడం, మగనడక సాధన చేయడం. కెమెరా నమ్మాలి కదా, అందుకని ఇంత అవస్థ!

నేనడుగుతాను, ఎవర్ని నమ్మించడానికి? ఇమొజెన్ స్టబ్స్ ఆడదని టికెట్టు కొన్న ప్రతివాళ్ళకీ తెలుసు. మీసం ఎంత బాగా అంటించినా తెలుసు. మనం నమ్మాల్సింది ఆర్సినో నమ్మాడని. అది మీసంతో రాదు. అతని మొహంలో రావాలి.

నన్‌కి ఆ సంగతి తెలియదా అంటే, తెలుసు! అదే సినిమాలో ఒక చోట బెన్ కింగ్‌స్లీ విదూషకుడి వేషంలో పాట పాడుతుంటే డ్యూకూ, సిజారియో పక్కపక్కన కూర్చుని వింటారు. వింటూ వింటూ ఇద్దరి మొహాలూ తెలియకుండానే దగ్గరవుతాయి. ఇద్దరూ ఉలిక్కిపడతారు. నాటకంలో వెనక వరస బల్ల మీద కూర్చున్నవాళ్ళకి ఆ ఉలికిపాటు కనపడదు. కెమెరా మాత్రమే చూపించగలదు. సినిమాకి ఇంత శక్తి ఉన్నప్పుడు దాన్ని మీసం మీద ఎందుకు ఖర్చుపెట్టడం? మొహాల మీద పెట్టండి, మాట మీద పెట్టండి అంటాను.

మనవాళ్ళకి ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. 1602 ఫిబ్రవరి 2న లండన్‌లో లా చదివే కుర్రాళ్ళ హాలులో ఈ నాటకం వేసినప్పుడు వయోలాగా నిలబడ్డది మగపిల్లాడు. ఆడవాళ్ళు రంగం ఎక్కడానికి 1660 దాటాలి అక్కడ. అంటే మగపిల్లాడు ఆడపిల్లై, ఆ ఆడపిల్ల మళ్ళీ మగవాడై. మన స్థానం నరసింహారావుగారు మధురవాణి వేసినప్పుడూ ఇదే కదా లెక్క! ‘కన్యాశుల్కం’లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. మగవాడైన స్థానంవారు ఆడదై, ఆ ఆడది మగవాడై రావాలన్నమాట. ప్రేక్షకుల్లో ఎవరికి తెలియదు ఆయన మగవాడని? తెలిసీ నమ్మారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామ జడ పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళు కూడా సిగ్గుపడి చూశారంటే, అది జడ మహిమా? చూపు మహిమ, మాట మహిమ.

మధురవాణి పేరు ఎత్తాను కనుక ఒక్క మాట. వేశ్యల మొహం చూడనని పంతం పట్టిన ఆ వకీలు ముందు ఆమె తన బట్టల్లో నిలబడలేదు. గుమ్మం దగ్గరే ఆపేస్తారు. తలపాగా చుట్టుకుని వెళ్ళింది కనుక ఎదురుగా కూర్చుని సమానంగా వాదించింది. ఆ తరవాత ఎప్పుడు తానెవరో చెప్పాలో తానే చూసుకుని చెప్పింది. ఆ నిర్ణయం ఆమెది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీంతో పని ఉంది.

ఇప్పుడు అసలు సంగతి, చివరి రంగం.

నాటకం చివర్లో వయోలా ఆడపిల్లని తేలుతుంది. ఎలా తేలుతుంది? తండ్రి నుదుటి మీది పుట్టుమచ్చ, తండ్రి పోయేనాటికి తనకి పదమూడేళ్ళు అనే గుర్తు. కవలలిద్దరూ ఇవి చెప్పుకుని ఒకరినొకరు పోల్చుకుంటారు. మాటతోనే అని గమనించండి. 2006లో అమెరికాలో ఇదే కథని ‘షీ ఈజ్ ద మ్యాన్’ అని స్కూలు పిల్లల ఫుట్‌బాల్ కథగా మార్చి తీశారు. అందులో కవలలు ఒకరి తరవాత ఒకరు అందరి ముందూ బట్టలు ఎత్తీ దించీ రుజువు చూపిస్తారు! కంటినే నమ్ముకుంటే ఎక్కడికి చేరతామో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

సరే, ఆడపిల్లని తేలింది. ఆమె ఆడబట్టలు ఎక్కడున్నాయి? ఓడ కెప్టెన్ దగ్గర. కెప్టెన్ ఎక్కడున్నాడు? ఒలీవియా ఇంటి పెత్తందారు మాల్వోలియో పెట్టిన వ్యాజ్యంలో జైల్లో ఉన్నాడు. మాల్వోలియో ఏడీ? తనని అందరూ కలిసి వెర్రివాణ్ణి చేశారని, పగ తీర్చుకుంటానని కేకలేసి వెళ్ళిపోయాడు. వెళ్ళి బతిమాలి తీసుకురండి అంటాడు డ్యూక్. అతను రావాలి, కెప్టెన్ విడుదలవ్వాలి, బట్టలు తేవాలి. అంతలో నాటకం అయిపోతుంది! వయోలా మగబట్టల్లోనే వెళ్ళిపోతుంది. డ్యూక్ ఆమెని ఇంకా సిజారియో అనే పిలుస్తాడు. ఆడబట్టల్లో చూసిననాడు నా రాణివి అంటాడు తప్ప, ఆ రోజు మనకి చూపించరు.

షేక్‌స్పియర్‌కి చేతకాక ఇలా ముగించాడా? ఆయనే ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకంలో మగవేషం వేసిన రోజలిండ్‌ని చివర్లో చక్కగా పెళ్ళిబట్టల్లో తీసుకొచ్చాడు. ఇక్కడ తీసుకురాలేదంటే అక్కర్లేదనుకునే.

ట్రెవర్ నన్ ఆగలేకపోయాడు. ఆఖర్న దీపాలూ, విందూ, నాట్యమూ పెట్టి వయోలాకి గౌను తొడిగి డ్యూక్ చేతికి అందించాడు. జుట్టు కత్తిరించిన చేత్తోనే అలంకారం చేశాడన్నమాట.

ఇంతకీ 1602లో ఆ నాటకం చూసిన జాన్ మానింగ్‌హామ్ అనే లా విద్యార్థి తన డైరీలో మాల్వోలియోని ఏడిపించిన ముచ్చటంతా రాసుకున్నాడు. వయోలా మాటే ఎత్తలేదు. నాలుగు వందల ఏళ్ళుగా ఆ పిల్ల మాట వినకపోవడం ఒక అలవాటై ఉన్నట్టుంది!

ఈ సినిమా మా ఇంట్లో చూస్తున్నప్పుడు మా ఆడపడుచు నాతో తగువు వేసుకుంది. “నీది మరీ చాదస్తం వదినా. అన్ని కష్టాలు పడ్డ పిల్ల, పెళ్ళిలోనైనా ఒక మంచి బట్ట కట్టుకోకూడదా? చూసేవాళ్ళకీ కంటికి నిండుగా ఉండొద్దూ?”

కట్టుకోకూడదని నేననలేదు. మంచి బట్టంటే నాకూ ఇష్టమే. కంచిపట్టు చీర పెట్టె అడుగున పెట్టుకుని ఏడాదికోసారి మడతలు మార్చుకునేదాన్నే. కాని ఆ గౌను వచ్చేదాకా పెళ్ళి పూర్తి కాలేదన్నట్టు, గౌను వేస్తేనే ఆమె మళ్ళీ ఆడదైనట్టు చూపిస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆర్సినో ప్రేమించింది ఎవర్ని? మూడు నెలలు తనతో వాదించిన మనిషిని, తన తప్పుని తప్పని చెప్పిన మనిషిని. గౌను వేసుకున్న మర్నాటి నుంచి కూడా అతను ఆమెతో అలాగే మాట్లాడతాడా? నా భయమల్లా అదే. నాటకం ఆ ప్రశ్నని మన చేతిలో పెట్టి వదిలేసింది. సినిమా బ్యాండు వాయించి ఆ ప్రశ్న వినపడకుండా చేసింది.

మీ ఇళ్ళల్లోకి చూసుకోండి. ఆఫీసులో పక్క కుర్చీ స్నేహితుడితో ప్రమోషను సంగతీ, అప్పు సంగతీ, భయాలూ అన్నీ చెప్పుకునే మనిషి, ఇంటికొచ్చాక భార్య ‘ఏమిటలా ఉన్నారు?’ అంటే ‘ఏం లేదు, కాఫీ ఇవ్వు’ అంటాడు. చెడ్డవాడు కాదు. ఆ కబుర్లు చెప్పుకునే మనిషి చీర కట్టుకుని ఉండొచ్చునని అతనికి తోచదు, అంతే. ఆవిడే ఓ పూట తలపాగా చుట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంటే గంటసేపు చెబుతాడు. మనలో చాలామందికి ప్రేమ దొరకలేదన్న బాధ కాదు. మాట వినే మనిషి దొరకలేదన్న బాధ. వయోలా కథ మన కథ అయింది అక్కడ.

మన తెలుగు సినిమాల లెక్క కూడా చూడండి. మగవాడు ఆడవేషం వేస్తే సినిమా అంతా అతనిదే. ‘నర్తనశాల’లో, 1963లో, ఎన్.టి.ఆర్. బృహన్నల అయ్యారు, ఎంత హుందాగా ఉందో! 1996లో కమల్‌హాసన్ ‘అవ్వై షణ్ముగి’లో నటించి, తెలుగులో ‘భామనే సత్యభామనే’ అని చీర కట్టి మనల్ని మూడు గంటలు నవ్వించారు. ఆడది మగవేషం వేస్తేనో? నేను చూసినంతలో చాలా వాటిల్లో ఒక పాట, ఒక ఫైటు, తలపాగా జారి జడ కింద పడడం, హీరో నోరు తెరవడం. ఇక చాలు, లోపలికి పో. ఆ వేషంలో ఆమె ఏం తెలుసుకుందో, ఏం మాట్లాడిందో ఎవరికీ అక్కర్లేదు. అసలు పోతన భాగవతంలో సత్యభామ మీసం పెట్టుకోకుండానే నరకాసురుడి మీద విల్లు ఎక్కుపెట్టింది. కృష్ణుడు పక్కనే ఉండి చూసి సంతోషించాడు. మనకి పూర్వం అంత ధైర్యం ఉండేది!

న్యాయంగా మరో మాట చెప్పాలి. ఇందాక నేను వెక్కిరించిన ఆ ఫుట్‌బాల్ సినిమా ఉందే, ఈ ఒక్క సంగతిలో అది పెద్దవాళ్ళ సినిమాకంటే నయం. తన స్కూల్లో ఆడపిల్లల జట్టు తీసేశారని వయోలా తోబుట్టువు పేరుతో మగపిల్లల జట్టులో చేరుతుంది. చివర్లో అక్కడా గౌను ఉంది, పార్టీ ఉంది. కాని అంతటితో ఆపలేదు. తరవాత ఆ పిల్ల తన సొంత పేరుతో, ఆటబట్టల్లో, అదే జట్టులో ఆడుతూ కనిపిస్తుంది. వేషంలో సంపాదించుకున్నది వేషం తీసేశాక కూడా ఆమె దగ్గరే ఉంది. ఎంత అల్లరిచిల్లర సినిమా అయినా అంతవరకు దణ్ణం పెడతాను.

రేపు మన తెలుగు దర్శకుడెవరైనా ఈ కథ ఎత్తుకుంటే నేను కోరేది ఇంతే. ఆ పిల్లకి మీసం పెట్టినా పెట్టకపోయినా నాకు పట్టింపు లేదు. పాటలు ఎన్ని పెట్టినా సరే, నేనే ముందు పాడుకుంటాను. ఆడదాని గుండె చిన్నదన్న పెద్దమనిషికి ఆమె చెప్పిన జవాబు మాత్రం కత్తిరించకండి. ఆ జవాబు వింటున్నప్పుడు అతని మొహం మీద కెమెరా పెట్టి కాసేపు కదల్చకండి. ఆఖరి రీలులో పట్టుచీరతో ఆమె వెంటపడకండి. మధురవాణి తలపాగా ఎప్పుడు తీయాలో మధురవాణికి తెలిసినట్టే, వయోలాకీ తెలుసు. ఆమె బట్టలు ఎక్కడికీ పోలేదు, కెప్టెన్ దగ్గర భద్రంగా ఉన్నాయి. కావలసిననాడు వెళ్ళి తనే తెచ్చుకుంటుంది.